ఏ మందో చెప్పే కాగితాన్ని ఎన్నాళ్ళని అడిగితే

చెన్నైలో అడయార్ వైపో గ్రీమ్స్ రోడ్డులోనో క్యాన్సర్ డాక్టర్ గది బయట ఓ గంట కూర్చుంటే చెవిన తెలుగు పడక మానదు. సూళ్ళూరుపేట, గూడూరు, నెల్లూరు నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చినవాళ్ళు ఉంటారు. చిత్తూరు, తిరుపతి వైపు నుంచి బస్సులో దిగినవాళ్ళు ఉంటారు. తాతల కాలం నుంచీ ఈ ఊళ్ళోనే ఉంటూ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవాళ్ళూ ఉంటారు. అందరి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో స్కానింగ్ ఫిల్ములు, ముక్క పరీక్ష కాగితం. కడుపు క్యాన్సర్ వాళ్ళ కవరులో కొన్నేళ్ళుగా ఇంకో కాగితం చేరుతోంది. ‘హెర్‌2: 2 ప్లస్’, ‘పీడీ-ఎల్‌1 సీపీఎస్: 5’ లాంటి అక్షరాలూ అంకెలూ ఉంటాయి దాంట్లో. డబ్బు పెట్టగలిగిన ఇల్లయితే వందల జన్యువులను ఒకేసారి చదివి ఇచ్చిన ఇరవై పేజీల రిపోర్టు కూడా ఉంటుంది. డాక్టర్ దాన్ని తిరగేసి మందుల గురించి మాట్లాడతారు. ఇంటివాళ్ళు అంతా విని, చివర్లో గొంతు తగ్గించి అడుగుతారు: “ఇంతకీ నాన్నకి ఎన్నాళ్ళుందంటారు, సార్?”

ఆ కాగితం చాలావరకు ఆ ప్రశ్న కోసం తయారైంది కాదు. జన్యు సూచికల మీద తెలుగులో వచ్చే వార్తల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే. వైద్యులు రెండు రకాల సూచికలను వేరుగా చూస్తారు. ఏ మందు వాడినా, వాడకపోయినా జబ్బు నడక ఎలా ఉండబోతోందో చెప్పేది ఒకటి. దాన్ని ప్రోగ్నోస్టిక్ అంటారు. ఫలానా మందు ఈ గడ్డ మీద పనిచేసే అవకాశం ఉందా లేదా అని చెప్పేది రెండోది, ప్రెడిక్టివ్. మన వార్తల్లో రెండూ ‘క్యాన్సర్‌ను ముందే చెప్పే జన్యువు’ అయిపోతాయి. సౌకర్యం కోసం మొదటిదాన్ని గమన సూచిక, రెండోదాన్ని మందు సూచిక అందాం. కడుపు క్యాన్సర్‌లో ఈ ఇరవై ఏళ్ళలో నిజంగా రోగికి అక్కరకొచ్చినవి దాదాపు అన్నీ మందు సూచికలే. గమన సూచికలు మాత్రం పరిశోధన పత్రాల్లో కుప్పలుగా పడి ఉన్నాయి, ఆసుపత్రిలో వాడేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వైతీశ్వరన్ కోయిల్‌కు వెళ్ళి నాడీ తాటాకు చదివించుకునే అలవాటు రెండు భాషల వాళ్ళకూ ఉంది కాబట్టి, ఇరవై పేజీల రిపోర్టును కూడా అదే ఆశతో తెరవడంలో వింతేమీ లేదు.

చెన్నైకి ఈ జబ్బుతో పాత పరిచయం. ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో అడయార్‌లో ప్రారంభించిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లోనే 1982 నుంచి నగర జనాభా క్యాన్సర్ నమోదు జరుగుతోంది. బెంగళూరులో కిద్వాయ్ సంస్థ కూడా అదే కాలంలో మొదలుపెట్టింది. ఆ లెక్కల్లో చెన్నై మగవాళ్ళకు ఏళ్ళ తరబడి ముందు వరసలో కనిపించిన క్యాన్సర్ కడుపుదే. ఢిల్లీ, ముంబైలతో పోలిస్తే ఈ రెండు దక్షిణాది నగరాల్లో రేటు ఎక్కువ. దేశంలో అన్నిటికంటే ఎక్కువ మాత్రం మిజోరంలో. అక్కడ పొగబెట్టిన మాంసం, పొగాకు పొగను నీటిలోకి పట్టి నోట్లో పోసుకునే ‘తుయిబుర్’ అలవాటు మీద అధ్యయనాలు జరిగాయి. ప్రపంచం మొత్తం మీద 2022లో సుమారు 9.7 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా బయటపడింది, 6.6 లక్షల మంది చనిపోయారు. ఈ రెండు అంకెల మధ్య తేడా అంత తక్కువగా ఉండటానికి ముఖ్య కారణం జబ్బు ఆలస్యంగా దొరకడం. మన ఇళ్ళలో కడుపులో ఏం జరిగినా దాని పేరు గ్యాసే. నాలుగు నెలలు గ్యాస్ మాత్రలు మింగి, బరువు తగ్గి, అన్నం సయించక, నల్లగా విరేచనమైనప్పుడు గానీ గొట్టం వేయించుకోరు.

అయితే జన్యువుల మాట ఎత్తగానే ఇంటివాళ్ళకు వచ్చే మొదటి భయం వేరు: పిల్లలకూ వస్తుందా? రిపోర్టులో రాసిన జన్యు మార్పులు ఎక్కువ భాగం గడ్డలోనివి. అవి పుట్టుకతో వచ్చినవి కావు. కడుపు గోడలోని ఏదో ఒక కణంలో, ఏళ్ళ తరబడి వాపు, మంట, హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా పెట్టే చికాకు మధ్య, ఒక్కొక్కటిగా పోగుపడ్డవి. గడ్డతో పుట్టి గడ్డతో పోయేవి. పిల్లలకు చేరవు. పుట్టుకతో వచ్చేవి తెలియాలంటే సాధారణంగా రక్తం తీసి విడిగా చూడాలి.

అలా పుట్టుకతో వచ్చేవాటిలో పేరు మోసింది సీడీహెచ్1. న్యూజీలాండ్‌లో ఒక మావోరి కుటుంబంలో తరతరాలుగా చిన్న వయసులోనే కడుపు క్యాన్సర్‌తో చనిపోతుంటే, కారణం ఈ జన్యువులో లోపమని 1998లో తేలింది. కణాలను ఒకదానికొకటి అంటిపెట్టుకుని ఉంచే ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసేది ఇదే. ఆ జిగురు పోతే కణాలు విడివిడిగా జారిపోయి గోడలోకి పాకుతాయి. గడ్డగా ఉబ్బదు కాబట్టి ఎండోస్కోపీకి కూడా తేలిగ్గా చిక్కదు. అందుకే ఈ లోపం ఉన్నవాళ్ళకు జబ్బు రాకముందే కడుపు మొత్తం తీసేయించుకోవడం గురించి డాక్టర్లు మాట్లాడతారు. మొదట్లో ఈ లోపం ఉంటే జీవితకాలంలో క్యాన్సర్ వచ్చే అవకాశం 70 శాతానికి పైనే అన్నారు. తర్వాత, జబ్బుతో అల్లాడిన కుటుంబాలనే కాకుండా విస్తృతంగా చూసినప్పుడు ఆ అంకె బాగా దిగింది. జబ్బు ఎక్కువగా ఉన్న ఇళ్ళకే వెళ్ళి లెక్కపెడితే ప్రమాదం ఎక్కువగానే కనబడుతుంది మరి.

2023లో జపాన్ నుంచి వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఇంకో సంగతి తేల్చింది. రొమ్ము క్యాన్సర్‌తో మనకు పరిచయమైన బీఆర్‌సీఏ లాంటి, తెగిన డీఎన్‌ఏను అతికించే జన్యువుల్లో లోపం ఉండి, దానికి తోడు కడుపులో పైలోరి కూడా ఉంటే, 85 ఏళ్ళ వయసు నాటికి కడుపు క్యాన్సర్ వచ్చే అవకాశం 45.5 శాతం. బ్యాక్టీరియా ఉండి లోపం లేనివాళ్ళలో 14.4 శాతం. జన్యువు ఒక్కటే చేసిన పని కాదు, బ్యాక్టీరియా ఒక్కటే చేసిన పనీ కాదు. మన దేశంలో సగానికి పైగా జనం కడుపులో ఈ బ్యాక్టీరియా ఉన్నా కడుపు క్యాన్సర్ జపాన్, కొరియాల స్థాయిలో ఎందుకు లేదన్న పాత చిక్కుముడికి కూడా జవాబు ఇలాంటి కలయికల్లోనే వెతకాలి.

ఇవన్నీ జబ్బు వస్తుందా అన్న ప్రశ్నకు చెందినవి. వచ్చాక ఏమవుతుందన్నది వేరే. అందులో తప్పక అర్థం చేసుకోవాల్సిన సూచిక ఎంఎస్‌ఐ. గమన సూచిక, మందు సూచిక ఒకే చోట కలిసి, మందులు మారేకొద్దీ తన అర్థాన్ని తానే మార్చుకున్న సూచిక ఇది.

చెన్నపట్నంలో తెలుగు అచ్చాఫీసులు వెలిగిన రోజుల్లో ప్రతి పుస్తకానికీ ప్రూఫులు దిద్దేవాళ్ళు ఉండేవారు. కణం రెండుగా చీలేముందు తన డీఎన్‌ఏ మొత్తాన్ని తిరిగి కూర్చుకుంటుంది. అప్పుడు పడే అచ్చుతప్పులను పట్టి సరిచేసే ప్రోటీన్ల బృందం ఒకటి ఉంటుంది. దాంట్లో నలుగురు ముఖ్యులు: ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2. కొన్ని గడ్డల్లో ఈ బృందం పనిచేయడం మానేస్తుంది. కడుపు క్యాన్సర్‌లో ఎక్కువగా ఎంఎల్‌హెచ్1 జన్యువుకు తాళం పడిపోవడం వల్ల ఇలా జరుగుతుంది. ప్రూఫు దిద్దేవాడు లేకపోతే అన్ని చోట్లా తప్పులు పడతాయి కానీ, ఒకే అక్షరం వరసగా పదిసార్లు వచ్చే చోట మరీ ఎక్కువ: పది కూర్చాల్సిన చోట తొమ్మిదో, పదకొండో పడతాయి. అలాంటి చోట్లను మైక్రోశాటిలైట్లు అంటారు. వాటి పొడవు నిలకడగా లేకపోవడమే ఎంఎస్‌ఐ. ముక్క పరీక్షకు తీసిన కణజాలంలో ఆ నాలుగు ప్రోటీన్లకు రంగు వేసి చూస్తే చాలు, మామూలు పాథాలజీ ల్యాబులోనే తెలిసిపోతుంది. రిపోర్టులో ‘ఎంఎంఆర్ డెఫిషియెంట్’ అని రాస్తే ఇదే.

ఇన్ని అచ్చుతప్పులున్న గడ్డ మొండిదై ఉంటుందని అనిపిస్తుంది. జరిగేది తలకిందులు. తప్పులతో తయారైన వింత ప్రోటీన్లను శరీర రక్షణ కణాలు పరాయివాటిగా గుర్తుపడతాయి, గడ్డ చుట్టూ మూగుతాయి. నాలుగు పెద్ద ట్రయల్స్ సమాచారాన్ని కలిపి 2019లో వేసిన లెక్కలో, ఆపరేషన్ అయిన 1,556 మందిలో 121 మందికి ఈ లక్షణం ఉంది. వాళ్ళలో ఐదేళ్ళ తర్వాత బతికి ఉన్నవాళ్ళు 77.5 శాతం. మిగతావాళ్ళలో 59.3 శాతం. గమన సూచికగా ఇంతకంటే స్పష్టమైనది ఈ జబ్బులో తక్కువ.

కథ అక్కడ ఆగితే బాగుండేది. బ్రిటన్‌లో జరిగిన మ్యాజిక్ అనే ట్రయల్ నమూనాలను 2017లో మళ్ళీ తీసి చూసినప్పుడు, ఎంఎస్‌ఐ ఉన్నవాళ్ళలో ఆపరేషన్ ఒక్కటే చేయించుకున్నవాళ్ళు బాగున్నారు. కీమో కూడా తీసుకున్నవాళ్ళ ఫలితాలు అంతకంటే పాడుగా ఉన్నాయి. రోగుల సంఖ్య చిన్నది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకుని కీమో మానేయమని ఎవరూ అనలేదు. కానీ పైన చెప్పిన 2019 లెక్కలో కూడా ఈ గుంపుకు కీమో వల్ల అదనపు మేలు కనబడలేదు. అంటే ‘ఈ రోగికి జబ్బు నెమ్మది’ అన్న గమన సూచికే ‘పాత మందు ఈ రోగికి అంతగా అచ్చిరాకపోవచ్చు’ అన్న మందు సూచికగా కూడా మారింది. తర్వాత ఇమ్యునోథెరపీ వచ్చింది. రక్షణ కణాలు ముందే మూగి ఉన్న గడ్డ కాబట్టి వాటికి కట్టిన కళ్ళెం విప్పితే సరిపోతుందన్నది ఆలోచన. ఫ్రాన్స్‌లో ఈ లక్షణం ఉన్న 32 మందికి ఆపరేషన్‌కు ముందు అలాంటి రెండు మందులు ఇచ్చారు. ఆపరేషన్ దాకా వెళ్ళిన 29 మందిలో 17 మంది కడుపులో, తీసి చూస్తే, బతికున్న క్యాన్సర్ కణం ఒక్కటి కూడా లేదు. చిన్న ట్రయలే. అయినా కడుపు క్యాన్సర్‌లో ఇలాంటి మాట ఇంతకుముందు ఎవరూ విన్నది కాదు. కడుపు క్యాన్సర్ రోగుల్లో ఎంఎస్‌ఐ ఉండేవాళ్ళు పదిమందిలో ఒకరో, అంతకు తక్కువో. కానీ ఆ ఒక్కరికి దారే మారిపోతుంది కాబట్టి, మిగతా తొమ్మిది మందికి ‘లేదు’ అని తేలడం కోసం పెట్టే ఖర్చు దండగ అనలేం. కొందరిలో ఈ లక్షణం లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం వల్ల కూడా రావచ్చు. అలాంటప్పుడు మాత్రం పిల్లల ప్రశ్న మళ్ళీ ముందుకొస్తుంది, రక్త పరీక్ష అవసరమవుతుంది.

హెర్‌2 కథ ఇంకో రకం. కణం పై పొరమీద ఉండి ‘పెరుగు, పెరుగు’ అని లోపలికి కబురు పంపే ప్రోటీన్ ఇది. కొన్ని గడ్డల్లో దీని జన్యువుకు నకళ్ళు ఎక్కువై ఇలాంటివి కణానికి లెక్కకు మించి మొలుస్తాయి. మందు లేని రోజుల్లో ఇది ఉంటే మంచిదా చెడ్డదా అని పరిశోధకులు వాదించుకుంటూ ఉండేవారు. 2010లో టోగా ట్రయల్ ఫలితాలతో ఆ వాదనకు పెద్దగా విలువ లేకుండా పోయింది. హెర్‌2 ఉన్న, బాగా ముదిరిన రోగులకు కీమోతో పాటు ఈ ప్రోటీన్‌ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇస్తే సగటు ఆయుష్షు 11.1 నెలల నుంచి 13.8 నెలలకు పెరిగింది. ఆ మందుకు చవక రూపాన్ని మన దేశంలోనే, బెంగళూరు కంపెనీ బయోకాన్, 2014లో మార్కెట్లోకి తెచ్చింది.

సగటు అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే ‘ఎన్నాళ్ళు’ అన్న ప్రశ్నకు ఇంటర్నెట్‌లో దొరికే జవాబు ఎప్పుడూ ఈ అంకే. నిజానికి అది సగటు కూడా కాదు, మధ్యస్థం. 13.8 నెలలు అంటే ఆ గుంపులో సగంమంది అంతకు ముందే పోయారు, సగంమంది ఆ తర్వాత కూడా ఉన్నారు అని అర్థం. మూడు నెలలకు పోయినవారూ అందులో ఉంటారు, నాలుగేళ్ళు ఉన్నవారూ ఉండవచ్చు. ఎదుట కూర్చున్న మనిషి ఏ సగంలో ఉన్నాడో ఆ అంకెలో లేదు. పైగా ట్రయల్‌లోకి తీసుకునేది నడవగలిగి, కిడ్నీలు లివరు బాగున్నవాళ్ళని. అన్నం దిగక పది కిలోలు తగ్గి, రక్తం ఎక్కించుకుని చెన్నై చేరిన మనిషికి ఆ అంకెను అలాగే అంటించడం అతని లెక్కా కాదు, ట్రయల్ లెక్కా కాదు. కొడుకు ఫోన్లో ‘13.8’ అని చదివి, తండ్రికి తెలియకుండా తేదీలు లెక్కపెట్టుకోవడం ఎన్నో ఇళ్ళలో జరిగే పనే.

హెర్‌2 పరీక్షలో ఒక మెలిక ఉంది. రొమ్ము గడ్డలో ఇది సాధారణంగా గడ్డ అంతా ఒకేలా ఉంటుంది. కడుపు గడ్డలో ఒక మూల ఉండి ఇంకో మూల ఉండకపోవచ్చు. అందుకే ఎండోస్కోపీలో ఒకటి రెండు ముక్కలు తీసి సరిపెట్టకూడదు, వేర్వేరు చోట్ల నుంచి ఆరు నుంచి ఎనిమిది తీయాలని పాథాలజిస్టులు కోరతారు. రంగు పరీక్షలో 0 లేదా 1 ప్లస్ వస్తే లేనట్టు, 3 ప్లస్ వస్తే ఉన్నట్టు. 2 ప్లస్ అంటే తేల్చలేదని. అప్పుడు ఫిష్ అనే ఇంకో పరీక్షతో జన్యువు నకళ్ళు లెక్కపెట్టాలి. ‘2 ప్లస్’ చూసి పాజిటివ్ అనుకుని సంతోషించే కుటుంబాలూ ఉన్నాయి, నెగటివ్ అనుకుని ఫిష్ మాటే మరిచిపోయిన కేసులూ ఉంటాయి.

పీడీ-ఎల్‌1, క్లాడిన్ 18.2 కూడా ఈ కోవలోవే. మొదటిది ఇమ్యునోథెరపీ ఎవరికి ఎక్కువ ఉపయోగమో చెబుతుంది. 2021లో వచ్చిన చెక్‌మేట్ 649 ఫలితాల్లో సీపీఎస్ అనే దాని స్కోరు 5 లేదా అంతకు మించి ఉన్నవాళ్ళకు కీమోతో నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు కలపడం వల్ల మధ్యస్థ ఆయుష్షు 11.1 నుంచి 14.4 నెలలకు వెళ్ళింది. రెండోది కడుపు కణాల మధ్య సందులను మూసి ఉంచే ప్రోటీన్. గడ్డ కణాల్లో కనీసం 75 శాతం మీద ఇది గట్టిగా కనబడితే జోల్బెటుక్సిమాబ్ అనే మందు పనికొస్తుంది. అమెరికా 2024 అక్టోబరులో దానికి అనుమతి ఇచ్చింది. మామూలు కడుపు పొరలో కూడా అదే ప్రోటీన్ ఉండటం వల్ల వాంతులు ఎక్కువ. గమనించాల్సింది ఏమిటంటే, ఇవి రెండూ కచ్చితంగా చెప్పాలంటే జన్యు పరీక్షలు కూడా కావు, ప్రోటీన్ల మీద రంగు పరీక్షలు. ఖరీదైన ఇరవై పేజీల రిపోర్టు కంటే ఎంఎంఆర్, హెర్‌2తో కలిపి ఈ నాలుగు రంగు పరీక్షలు ముందు పూర్తవడం ముఖ్యం.

మరి గమన సూచికల సంగతి? ప్రయత్నం లేక కాదు. 2014లో అమెరికా క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ బృందం 295 గడ్డలను చదివి కడుపు క్యాన్సర్‌ను నాలుగు రకాలుగా విడదీసింది: ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉన్నవి సుమారు 9 శాతం, ఎంఎస్‌ఐ 22 (ఆ నమూనాల్లో ఇది మామూలు కంటే ఎక్కువ), జన్యుపరంగా నిలకడగా ఉన్నవి 20, క్రోమోజోములు చిందరవందర అయినవి 50. మరుసటి ఏడాదే ఏషియన్ క్యాన్సర్ రీసెర్చ్ గ్రూప్ 300 గడ్డలతో ఇంకో విభజన ఇచ్చింది. దాంట్లో జబ్బు తిరగబెట్టడం ఎంఎస్‌ఐ రకంలో 22 శాతం, కణాలు జిగురు వదిలి పాకే స్వభావం తెచ్చుకున్న రకంలో 63 శాతం. మైక్రోస్కోపు కింద ‘డిఫ్యూజ్’, ‘సిగ్నెట్ రింగ్’ అని పాథాలజిస్టు రాసే గడ్డలు ఈ చివరి రకంలో ఎక్కువ. సూక్ష్మంగా చూస్తే, పాత కాలపు డాక్టరు కంటితో చూసి ‘ఇది చెడ్డ రకం’ అన్నదానికే జన్యువులు సాక్ష్యం పలికాయి.

కొరియా పరిశోధకులు 2018లో నాలుగు జన్యువులతో ఒక స్కోరు కట్టారు: జీజెడ్‌ఎంబీ, డబ్ల్యూఏఆర్ఎస్, ఎస్‌ఎఫ్‌ఆర్‌పీ4, సీడీఎక్స్1. వీటితో కట్టిన ఒక లెక్క జబ్బు తిరగబెట్టే ప్రమాదాన్ని, ఇంకో లెక్క ఆపరేషన్ తర్వాత కీమో వల్ల లాభం ఉంటుందా అన్నదాన్ని చెబుతాయి. గమన సూచిక, మందు సూచిక రెండిటినీ విడిగా కట్టి, క్లాసిక్ అనే పెద్ద ట్రయల్ తాలూకు 600కు పైగా నమూనాల మీద సరిచూసిన పని కాబట్టి దీనికి గౌరవం ఉంది. అయినా అది పాత నమూనాల మీద వెనక్కి తిరిగి చేసిన లెక్క. స్కోరు చూసి కొందరికి మందు ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చి చూసిన లెక్క కాదు.

ఆ మాత్రం జాగ్రత్త కూడా లేని ‘సిగ్నేచర్’ పత్రాలు వందల్లో వస్తున్నాయి. వాటి తయారీ విధానం దాదాపు ఒకటే. అమెరికా అట్లాస్ సమాచారం ఉచితంగా దొరుకుతుంది. అందులో ఇరవై వేల జన్యువులు, కొన్ని వందల మంది రోగులు. బతికినవాళ్ళనూ పోయినవాళ్ళనూ ముందే చూసుకుని, వాళ్ళను విడదీసే ఐదారు జన్యువులను కంప్యూటర్‌తో ఏరితే ఏవో ఒకటి దొరక్క తప్పదు. గీత ఎక్కడ గీయాలో కూడా ఫలితం చూశాకే నిర్ణయిస్తారు. బాణం గుచ్చుకున్న చోట సున్నా చుట్టి గురి కుదిరిందనడం లాంటిది ఇది. ఆ ఐదారు జన్యువులను వేరే ఊరి, వేరే ఆసుపత్రి రోగుల మీద పెట్టి చూస్తే చాలాసార్లు నిలబడవు. ‘కొత్త జన్యువు కనుగొన్నారు’ అన్న శీర్షిక కింద ‘వేరే రోగుల మీద సరిచూశారా?’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు లేకపోతే మిగతాది చదవక్కర్లేదు.

ఇన్ని జరిగినా జబ్బు నడక గురించి అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఇప్పటికీ పాత స్టేజీయే. గడ్డ గోడలో ఎంత లోతుకు దిగింది, ఎన్ని లింఫు గ్రంథులకు పాకింది, పొట్ట పొరకో లివరుకో చేరిందా అన్నవే. అది కూడా ఆపరేషన్ ఎంత శ్రద్ధగా జరిగిందన్న దాని మీద ఆధారపడుతుంది. కనీసం పదహారు గ్రంథులు తీసి పరీక్షిస్తే తప్ప ‘గ్రంథులకు పాకలేదు’ అన్న మాటకు బలం లేదు. ఆరు తీసి ఆరింటిలో లేదంటే, లేకపోవడం కావచ్చు, వెతకకపోవడం కావచ్చు. ఇదే స్టేజీలో సరైన మందు వరస ఎంత తేడా తెస్తుందో కూడా చూడాలి: 2019లో వచ్చిన ఫ్లాట్4 ట్రయల్‌లో ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఇచ్చే కీమో మార్చడంతో మధ్యస్థ ఆయుష్షు 35 నెలల నుంచి 50 నెలలకు వెళ్ళింది. ఏ జన్యు స్కోరూ ఇంత ఆయుష్షు ఇవ్వలేదు.

ఆ ట్రయల్‌లో వాడిన ఫ్లాట్ అనే కీమోలోనూ, మన దగ్గర ఎక్కువగా వాడే కేపాక్స్ అనే కీమోలోనూ 5-ఎఫ్‌యూ అనే మందు, లేదా ఒంట్లోకి వెళ్ళాక 5-ఎఫ్‌యూగా మారే మాత్ర ఉంటుంది. ఆ మందును విరిచి బయటికి పంపే ఎంజైమును డీపీవైడీ అనే జన్యువు తయారుచేస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఆ జన్యువు బలహీనం. అలాంటివాళ్ళకు మామూలు డోసు ఇస్తే మందు ఒంట్లోనే నిలిచిపోయి నోరు పుండై, విరేచనాలు ఆగక, తెల్ల రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2020లోనే చికిత్స మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష చేయమంది. క్యాన్సర్ నడక ఎలా ఉంటుందో చెప్పదు కాబట్టి దీన్ని ఎవరూ ‘క్యాన్సర్ జన్యువు’గా లెక్కపెట్టరు, వార్తల్లోకీ రాదు. కానీ మొదటి కీమోకు ముందు అడగదగ్గ జన్యు పరీక్ష ఒకటి చెప్పమంటే ముందు చెప్పాల్సింది దీన్నే. ఒక లోటు ఉంది: సాధారణంగా చూసే నాలుగు మార్పులు ప్రధానంగా యూరప్ సంతతి వాళ్ళలో గుర్తించినవి. అవి లేవని రిపోర్టు వచ్చినంత మాత్రాన భయం లేదని కాదు, మొదటి సైకిల్‌లో జ్వరం, విరేచనాల మీద కన్ను వేసి ఉంచాల్సిందే.

ఈ లోటు డీపీవైడీకే పరిమితం కాదు. కడుపు క్యాన్సర్ విభజనలు తయారైంది ఎక్కువగా అమెరికా, యూరప్, కొరియా నమూనాల మీద. బెంగళూరు ఐఐఎస్‌సీ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ ముందుండి నడిపిన జీనోమ్ ఇండియా 10,000 మంది భారతీయుల జీనోములను చదివి 2025 జనవరిలో సమాచారాన్ని పరిశోధకులకు తెరిచింది. అవి జనాభా నమూనాలు, గడ్డలవి కావు. అయినా ఒక మార్పు ఇక్కడ అందరిలో మామూలుగా ఉండేదా, నిజంగా అరుదైనదా అని తేల్చడానికి పనికొస్తాయి. గడ్డల వైపు నుంచి చూస్తే, ఐఐటీ మద్రాస్ 2025 ఫిబ్రవరిలో భారత్ క్యాన్సర్ జీనోమ్ అట్లాస్‌ను విడుదల చేసింది, మొదట రొమ్ము క్యాన్సర్‌తో. దేశంలో కడుపు క్యాన్సర్ ఎక్కువగా ఉన్న నగరాల్లో ఒకటిలో కూర్చుని చేస్తున్న పని కాబట్టి, తర్వాతి వరసలో కడుపు ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు.

అంతదాకా రిపోర్టు విలువ అంతా ఒక సీసా మీద ఆధారపడి ఉంటుంది. చెన్నైలో ఏ పెద్ద ల్యాబు చదివినా, అది చదివేది చాలాసార్లు ఊళ్ళో మొదట ఎండోస్కోపీ చేసినప్పుడు తీసిన ముక్కనే. ఆ ముక్కను వెంటనే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేసి, ఆరు గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా ఉంచి, మైనంలో పోసి బ్లాక్ చేయాలి. ఫార్మలిన్ పాతదైనా, ముక్క శనివారం నుంచి మంగళవారం దాకా సీసాలోనే ఉండిపోయినా డీఎన్‌ఏ తునకలైపోతుంది, రంగు పరీక్షలు కూడా మోసం చేస్తాయి. ఆ తర్వాత ఎంత ఖరీదైన యంత్రంలో పెట్టినా ‘నమూనా సరిపోలేదు’ అనే వస్తుంది. మళ్ళీ గొట్టం వేయాలి, మళ్ళీ రెండు వారాలు. అందుకే చెన్నై రైలెక్కేముందు ఊళ్ళో ల్యాబును అడిగి తెచ్చుకోవాల్సింది రిపోర్టు కాగితం ఒక్కటే కాదు. మైనపు బ్లాకు, గాజు స్లైడ్లు, ముక్క సీసాలో ఎప్పుడు పడింది, ఎప్పుడు తీశారు అన్న రెండు సమయాలు కూడా. బ్లాకును అడిగి తీసుకోవచ్చు. చెన్నైలో పాథాలజిస్టు ముందుగా అడిగేదీ దాన్నే.